మీనాక్షి ఎక్స్‌ప్రెస్ మళ్ళీ పట్టాలెక్కుతుందా? ఆపరేటింగ్‌లో పనిచేసినవాడిగా నా జవాబు

ప్రశ్న అడిగింది నిజామాబాద్ అబ్బాయి. వాళ్ళ నాన్నగారు చిన్నప్పుడు కాచిగూడ–జైపూర్ మీనాక్షి ఎక్స్‌ప్రెస్‌లో అజ్మీర్ దాకా వెళ్ళారట, ఇప్పటికీ ఆ ప్రయాణం గురించే చెబుతుంటారట. ఆ దారిలో అకోలా–ఖండ్వా లైను బ్రాడ్‌గేజ్ చేస్తున్నారని వార్తల్లో చూశాం, మరి బండి మళ్ళీ వేస్తారా, వేస్తే మీనాక్షి అనే పేరే పెడతారా, వేయమని అందరం సంతకాలు పెట్టి ఒక అర్జీ పంపితే పని జరుగుతుందా అని అడిగారు.

నేను రైల్వేలో ఆపరేటింగ్ విభాగంలో ముప్ఫై ఏళ్ళ పైన చేసి దిగాను, అందులో చాలా భాగం ఏ బండి ఎక్కడ ఆగాలో, ఏది ముందు కదలాలో చెప్పే కంట్రోల్ ఆఫీసులోనే. ముందే చెప్పేస్తాను: లైను వస్తుంది. ఆ దారిన హైదరాబాద్ నుంచి రాజస్థాన్‌కు బండి కూడా వస్తుంది. కానీ అది మీ నాన్నగారు ఎక్కిన మీనాక్షి కాదు, రేపో మాపో వచ్చేదీ కాదు, అర్జీ పెడితే ఒక్కరోజు ముందుకు జరిగేదీ కాదు. అర్జీ అసలు దేనికోసం పెట్టాలో కింద చెబుతాను, అది వేరే సంగతి.

ముందు ఆ బండి ఎందుకు పోయిందో తెలియాలి. నష్టాలొచ్చి ఆపలేదు, జనం లేక ఆపలేదు. దాని కింద పట్టాలు ముక్కలు ముక్కలుగా మారిపోయాయి. మీనాక్షి మీటర్ గేజ్ బండి, అంటే పట్టాల మధ్య దూరం సరిగ్గా 1000 మిల్లీమీటర్లు, బ్రాడ్‌గేజ్‌కి 1676. ఒక గేజ్ బండి ఇంకో గేజ్ మీద అంగుళం కూడా కదలదు. కాచిగూడలో బయల్దేరి నిజామాబాద్, బాసర, ముద్ఖేడ్, నాందేడ్, పూర్ణా, హింగోలి, వాషిం, అకోలా, ఖండ్వా, మహూ, ఇందోర్, రత్లాం, చిత్తోడ్‌గఢ్, అజ్మీర్ మీదుగా జైపూర్. అన్నీ ఒకే చిన్న గేజ్ మీద. ఆ గొలుసులో సికింద్రాబాద్–మన్మాడ్ లైను నిజాం కాలంలో 1900 ప్రాంతంలో వేసింది, ఖండ్వా–ఇందోర్ లైను హోల్కర్ మహారాజులది. ఇందోర్‌ని పాలించిన రెండో తుకోజీ రావు హోల్కర్ 1870లో కోటి రూపాయలు 101 ఏళ్ళ గడువుతో నాలుగున్నర శాతం వడ్డీకి అప్పిచ్చి మరీ ఆ లైను వేయించుకున్నాడు, ఇప్పుడు మన ఎంపీలు ఒక్క హాల్ట్ వేయించడానికి పడే పాట్లు చూస్తే ఆయన గుర్తొస్తాడు. మధ్యలో హింగోలి నుంచి ఖండ్వా దాకా ఉన్న ఖాళీని స్వాతంత్ర్యం వచ్చాక 1960 ప్రాంతంలో పూర్తి చేశారు, అప్పటితో దక్షిణాది మీటర్ గేజ్, ఉత్తరాది మీటర్ గేజ్ రెండూ కలిశాయి. మీనాక్షి లాంటి బండి నడవడానికి అసలు ఆధారం ఆ అతుకే.

1992లో యూనిగేజ్ అన్నారు, దేశమంతా ఒకే గేజ్. మంచి నిర్ణయమే, నేను తప్పు పట్టను, ఎందుకంటే గేజ్ మారే చోట గూడ్సు సరుకంతా కూలీల చేత దింపి ఇంకో వ్యాగన్‌లోకి ఎక్కించే బాధ మేం చూశాం. కానీ గొలుసులో ఒక్క లంకె మార్చినా పొడుగు బండి చచ్చిపోతుంది కదా. 2000 తర్వాత సికింద్రాబాద్–ముద్ఖేడ్ బ్రాడ్‌గేజ్ అయింది, మీనాక్షి కాచిగూడ వదిలి పూర్ణా నుంచి నడవాల్సి వచ్చింది. అటు అజ్మీర్–చిత్తోడ్–రత్లాం వైపు కూడా ఆ దశకం మధ్యలోనే మారిపోయింది. 2008లో పూర్ణా–అకోలా బ్రాడ్‌గేజ్ అయింది. రెండు చివరలా కోసుకుంటూ వస్తే మిగిలింది నడిమి ముక్క, రత్లాం–మహూ–ఖండ్వా–అకోలా, 472 కిలోమీటర్ల పైచిలుకు. దాని మార్పిడి కూడా 2008లోనే మంజూరైంది. అప్పట్లో మా ఆఫీసులో ఒక పెద్దాయన, ఐదేళ్ళలో అయిపోతుంది, నువ్వు రిటైర్ అయ్యేలోపు కాచిగూడలో ఎక్కి ఇందోర్‌లో దిగొచ్చు అన్నాడు. నేను రిటైర్ అయ్యాను. ఆయన లేడు. లైను ఇంకా అవుతూనే ఉంది.

ఏది అయింది, ఏది కాలేదు అనేది చూస్తేనే మీ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. రత్లాం నుంచి ఫతేహాబాద్ మీదుగా ఇందోర్ 2014లో అయింది, ఇందోర్–మహూ 2016లో. సాఫు నేల, ఊళ్ళు, జనం, అడిగేవాళ్ళున్నారు, అయిపోయింది. ఇటు అకోలా నుంచి అకోట్ దాకా 44 కిలోమీటర్లు అయింది, 2022 చివర్లో అక్కడ పాసింజర్ కూడా వేశారు. ఖండ్వా–సనావద్ వైపు పని కదలడానికి ఒక పెద్ద కారణం ఖర్‌గోన్ దగ్గర సెల్దాలో ఎన్టీపీసీ కరెంటు ప్లాంటు, దానికి బొగ్గు వెళ్ళాలి. ఇది బాగా గుర్తుపెట్టుకోండి. మన దేశంలో ఏ లైనైనా ముందు బొగ్గు కోసం, సిమెంటు కోసం, కంటెయినర్ కోసం అవుతుంది, తర్వాతే మనకోసం.

అడ్డం పడ్డవి రెండు చోట్లు. ఒకటి మహూ కింద పాతాళ్‌పానీ–కాలాకుండ్ ఘాట్, రెండోది అకోట్–ఆమ్లా ఖుర్ద్ మధ్య మేల్‌ఘాట్ అడవి.

పాతాళ్‌పానీ ఘాట్ 1 కి 40 వాలు. అంటే నలభై అడుగులు ముందుకు పోతే ఒక అడుగు పైకి. వినడానికి ఏముంది అనిపిస్తుంది, కానీ ఇనుప చక్రం ఇనుప పట్టా మీద పట్టు దొరక్క జారుతుంది, ఎక్కేటప్పుడు వెనక ఇంకో ఇంజన్ పెట్టి తోయాలి, మేం దాన్ని బ్యాంకర్ అంటాం. దిగేటప్పుడైతే ఇంకా భయం, బ్రేకులు పరీక్షించకుండా ఒక్క బండినీ వదలరు. నేను 1980ల్లో కుర్రవాడిగా ఆ ఘాట్ దిగాను, వానాకాలం, పక్కన జలపాతం, సొరంగంలో దూరినప్పుడల్లా పిల్లలు కేకలు, బండి మనిషి నడిచేంత వేగంతో వెళుతుంటే ఒకాయన దిగి పక్కన నడుస్తూ బీడీ ముట్టించుకుని మళ్ళీ ఎక్కాడు. కాలాకుండ్ స్టేషన్లో ఆకుల్లో పెట్టి కలాకంద్ అమ్మేవాళ్ళు. మీ నాన్నగారికి ఇది కచ్చితంగా గుర్తుంటుంది, అడిగి చూడండి. అయితే నాలుగు వేల టన్నుల గూడ్సును ఆ వాలు మీద ఎక్కించలేరు. అందుకే బ్రాడ్‌గేజ్‌ని ఆ ఘాట్‌లోంచి వేయడం లేదు, చుట్టూ తిప్పి సొరంగాలు తవ్వుతూ వాలు తగ్గిస్తున్నారు. దూరం పెరుగుతుంది, ఖర్చు పెరుగుతుంది, అటవీ అనుమతులు కావాలి, కింద నర్మద మీద కొత్త వంతెన కావాలి. ఇది కష్టమైన పనే కానీ ఇంజనీర్లకు తెలిసిన కష్టం. డబ్బు పోస్తే అవుతుంది. 2023 ఫిబ్రవరిలో మహూ–ఓంకారేశ్వర్ రోడ్ మీటర్ గేజ్ బండిని కూడా ఆపి పనికి దారి ఇచ్చారు.

మేల్‌ఘాట్ సంగతి అలా కాదు. అక్కడి చిక్కు డబ్బుతో తీరేది కాదు. పాత మీటర్ గేజ్ లైను మేల్‌ఘాట్ పులుల అభయారణ్యం గుండా దాదాపు 39 కిలోమీటర్లు వెళ్ళేది. 1973లో ప్రాజెక్ట్ టైగర్ మొదలైనప్పుడు దేశంలో మొట్టమొదట ఎంచుకున్న తొమ్మిది అడవుల్లో ఇది ఒకటి. ఆ లైన్లో వాన్ రోడ్, ధుల్‌ఘాట్ స్టేషన్ల మధ్య ఒక చుట్టు ఉంది, బండి కొండ చుట్టూ గింగిరం తిరిగి తను వచ్చిన పట్టాల మీంచే పైకి వెళ్ళేది, కిటికీలోంచి కిందకి చూస్తే ఇందాక మనం దాటిన లైను కనబడేది. రాత్రిపూట వచ్చేవాళ్ళకు ఇదేమీ తెలిసేది కాదు, మేం రైల్వేవాళ్ళం మాత్రం నిద్ర మానుకుని చూసేవాళ్ళం.

రైల్వే మొదట ఆ పాత దారిలోనే బ్రాడ్‌గేజ్ వేద్దామనుకుంది. లైను ముందునుంచీ ఉంది కదా, కొత్తగా అడవి కొట్టడం లేదు కదా అనేది వాదన. నేను కూడా ఉద్యోగంలో ఉన్నప్పుడు అదే వాదించేవాణ్ణి, ఈ పులుల వాళ్ళకు పనీపాటా లేదు అనుకునేవాణ్ణి. తర్వాత అభిప్రాయం మారింది. మీటర్ గేజ్ రోజుల్లో ఆ అడవిలో నాలుగైదు బండ్లు, అవీ సైకిలుతో పందెం వేసే వేగంతో నడిచేవి. బ్రాడ్‌గేజ్ వేశాక అది కాచిగూడ–జైపూర్ లైను మాత్రమే కాదు, ఉత్తరాది దక్షిణాది మధ్య గూడ్సు దారి అవుతుంది, రాత్రంతా గంటకు రెండు గూడ్సులు డెబ్భై ఎనభై వేగంతో పోతుంటాయి. పైగా ఆ అడవిలోంచి ఊళ్ళకు ఊళ్ళనే ఖాళీ చేయించి బయటికి పంపారు, పులికి చోటివ్వాలని. పేదవాడి ఇల్లు లేపించిన చోట గూడ్సు బండి పంపిస్తామంటే ఎవరికైనా సమాధానం చెప్పడం కష్టమే. 2017 జనవరిలో అకోలా–ఖండ్వా మీటర్ గేజ్ మూసేశాక ఆ ముక్క అడవిలో కలిసిపోయింది. 2021లో అప్పటి మహారాష్ట్ర ముఖ్యమంత్రి ఉద్ధవ్ ఠాక్రే కూడా లైనును అభయారణ్యం బయటి నుంచి తిప్పమని కేంద్రానికి లేఖ రాశారు. చివరికి రైల్వే ఒప్పుకుంది. బయటి దారి బుల్దానా జిల్లా వైపు జల్‌గావ్ జామోద్, సంగ్రాంపూర్ తాలూకాల పల్లెల మీదుగా వెళుతుంది, దాదాపు 30 కిలోమీటర్లు ఎక్కువ. అక్కడ ఉన్నది పత్తి పొలాలు, సంత్రా తోటలు, ఇంతవరకు రైలు మొహం చూడని ఊళ్ళు. నన్నడిగితే ఆ ముప్ఫై కిలోమీటర్లు నష్టం కాదు. పులులు టికెట్ కొనవు, జల్‌గావ్ జామోద్ జనం కొంటారు.

కానీ ఎనిమిదేళ్ళు ఈ తగువులోనే పోయాయి. దారి మారింది కాబట్టి భూమి కొత్తగా తీసుకోవాలి. భూసేకరణ అంటే మీకు తెలుసు, పట్టాదారు, కౌలుదారు, పరిహారం చాల్లేదని కోర్టు. అందుకే 2030 లోపు అకోలాలో ఎక్కి ఖండ్వా మీదుగా ఇందోర్ వెళ్ళగలమని నేనైతే పందెం కట్టను.

ఇప్పుడు లైను అయిపోయిందనే అనుకుందాం. బండి వస్తుందా?

లెక్క చూద్దాం. ఇప్పుడు హైదరాబాద్–జైపూర్ బండి నిజామాబాద్, నాందేడ్, అకోలా దాకా మీనాక్షి దారిలోనే వెళుతుంది. అక్కణ్ణుంచి భుసావల్‌కు 140 కిలోమీటర్లు, భుసావల్ నుంచి ఖండ్వా మీదుగా ఇటార్సీకి 300 పైన, ఇటార్సీ–భోపాల్ 90 చిల్లర, భోపాల్–ఉజ్జయిని 180 పైన, ఉజ్జయిని–రత్లాం ఇంచుమించు వంద. మొత్తం అకోలా నుంచి రత్లాంకు రమారమి 820. అదే పాత మీటర్ గేజ్ దారి 473. కొత్త లైను తిప్పుళ్ళన్నీ కలుపుకున్నా 520 దాటకపోవచ్చు. అంటే 300 కిలోమీటర్లు మిగులుతాయి. ఎక్స్‌ప్రెస్ సగటు 55 అనుకుంటే ఐదున్నర గంటలు. సింగిల్ లైను, ఘాటు, క్రాసింగులు అన్నీ తీసేసినా నాలుగు గంటలు కచ్చితంగా కలిసొస్తుంది. టికెట్ కూడా దూరాన్ని బట్టే కాబట్టి తగ్గుతుంది. రైల్వే బోర్డులో ఎవరు కూర్చున్నా ఈ లెక్క కాదనలేరు.

జనానికి కొరత లేదు. ఆ దారిలో ఏమేమి ఉన్నాయో ఒక్కసారి చూడండి. బాసర సరస్వతి, నాందేడ్‌లో హుజూర్ సాహిబ్ గురుద్వారా, హింగోలి దగ్గర ఔంఢా నాగనాథ్, నర్మద ఒడ్డున ఓంకారేశ్వర్, ఇందోర్ పక్కనే ఉజ్జయిని మహాకాళ్, చివర్లో అజ్మీర్ దర్గా, పుష్కర్. మన తెలుగువాళ్ళు ఉజ్జయిని–ఓంకారేశ్వర్ జంట యాత్రకు ఇప్పుడు ఎలా వెళుతున్నారు? ఉజ్జయినిలోనో భోపాల్‌లోనో దిగి, ట్యాక్సీ మాట్లాడుకుని, ఓంకారేశ్వర్ వెళ్ళి మళ్ళీ వెనక్కి వచ్చి. కొత్త లైనులో ఓంకారేశ్వర్ రోడ్ స్టేషన్లో దిగితే గుడి పన్నెండు కిలోమీటర్లు. ఇక హైదరాబాద్‌లో తరాలుగా స్థిరపడ్డ మార్వాడీలు, బేగంబజార్ వ్యాపారులు, ఇందోర్ ఐటీ పిల్లలు, మహూ కంటోన్మెంట్‌కి వెళ్ళే జవాన్లు, అంబేద్కర్ పుట్టిన ఊరు చూడటానికి వెళ్ళేవాళ్ళు (మహూ స్టేషన్ పేరే ఇప్పుడు డాక్టర్ అంబేద్కర్ నగర్). ఏప్రిల్ 14కి ఆ ఒక్క బండికి ఎంత రద్దీ ఉంటుందో ఊహించుకోండి.

ఇంత బాగుంటే మరి ఎందుకు వేయరు అంటారా. బండి వేయడం అంటే పట్టాల మీద ఒక ఇంజన్, ఇరవై బోగీలు పెట్టి జెండా ఊపడం అనుకుంటారు జనం. మేం కంట్రోల్‌లో చూసేది వేరు. మొదటిది రేక్, అంటే ఒక పూర్తి సెట్టు బోగీలు. కాచిగూడ నుంచి జైపూర్‌కు 30 గంటలు అనుకోండి. సోమవారం పొద్దున్నే ఆరింటికి బయల్దేరిన రేక్ మంగళవారం మధ్యాహ్నం చేరుతుంది, కడిగి సర్ది సాయంత్రం తిప్పి పంపితే బుధవారం అర్ధరాత్రికి ఇక్కడికొస్తుంది, పిట్ లైన్ (బోగీల కింద దూరి చూడటానికి గొయ్యి ఉన్న పట్టా) మీద ఆరు గంటలు పరీక్షలు చేసి గురువారం పొద్దున మళ్ళీ పంపొచ్చు. మూడు రోజుల చక్రం. రోజూ నడపాలంటే మూడు రేకులు, ఆలస్యాలకి ఒకటి అదనంగా, నాలుగు. ఒక్కోదానికి ఇరవై పైన బోగీలు. ఎనభై బోగీలు ఎవరు ఇస్తారు? అందుకే ఏ కొత్త బండైనా వారానికి ఒకసారో రెండుసార్లో అని మొదలవుతుంది. ఎంపీగారు వచ్చి రోజువారీ చేయిస్తాను అంటే నవ్వుకోవడం తప్ప ఏం చేయలేం.

రెండోది పిట్ లైన్. రేకులున్నా కడిగే చోటు ఉండాలి. హైదరాబాద్‌లో సికింద్రాబాద్, కాచిగూడ, నాంపల్లి మూడూ కిక్కిరిసిపోయాయనే 2025 జనవరిలో చర్లపల్లి కొత్త టెర్మినల్ తెరిచారు. నా అంచనా ఏమిటంటే ఈ దారిలో ఏ కొత్త బండి వచ్చినా కాచిగూడ నుంచి బయల్దేరే అవకాశం తక్కువ. మీ నాన్నగారికి ఇది చెప్పకండి, బాధపడతారు.

మూడోది, నా దృష్టిలో అన్నిటికంటే పెద్దది, పాత్. బండికి టైంటేబుల్లో దొరికే ఖాళీని మేం పాత్ అంటాం. సింగిల్ లైన్లో రెండు స్టేషన్ల మధ్య ఒకసారికి ఒకే బండి ఉండాలి, ఎదురు బండి స్టేషన్లో లూప్ లైన్లోకి, అంటే పక్క పట్టా మీదకి వెళ్ళి ఆగాలి. ఒక బండి పది నిమిషాలు ఆలస్యమైతే దానికి ఎదురొచ్చేవి, వాటికి ఎదురొచ్చేవి అన్నీ దెబ్బతింటాయి. మేడ్చల్–ముద్ఖేడ్ మధ్య రాత్రి డ్యూటీలో ఎన్ని బండ్లకు క్రాసింగులు సర్దానో లెక్కలేదు, ఒక్కో రాత్రి కాగితం మీద గీసిన చార్టు పిల్లలు గీసిన పిచ్చిగీతల్లా తయారయ్యేది. పర్భణి–ముద్ఖేడ్ డబ్లింగ్, అంటే పక్కన రెండో లైను వేయడం, అయింది, బాగుంది. ముద్ఖేడ్–మేడ్చల్, మహబూబ్‌నగర్–డోన్ డబ్లింగ్ 418 కిలోమీటర్లు 2023 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించింది. మీ ప్రశ్నకి అసలు తాళంచెవి ఇదే. ఎక్కడో మేల్‌ఘాట్ అవతల లైను పూర్తయినా, మన గుమ్మం ముందు నిజామాబాద్ లైను డబుల్ కాకపోతే బండి దూరదు. పూర్ణా నుంచి అకోలా ఇంకో రెండు వందల కిలోమీటర్ల సింగిల్ లైను. అందుకే అర్జీ పెట్టాలనుంటే "మీనాక్షి మళ్ళీ వేయండి" అని పెట్టకండి. అలాంటి అర్జీలకు వచ్చే జవాబు నాకు కంఠస్థం: నిర్వహణపరంగా ప్రస్తుతం సాధ్యపడదు, పరిశీలనలో ఉంది. నేనే టైపు చేయించిన జవాబులున్నాయి. ముద్ఖేడ్–మేడ్చల్ డబ్లింగ్ ఎంతవరకు వచ్చింది, భూమి ఎక్కడ ఆగింది, బడ్జెట్లో ఎంత ఇచ్చారు అని ప్రతి ఏడూ అడగండి. ఎంపీ చేత పార్లమెంటులో అడిగించండి. అది గుచ్చుకుంటుంది.

నాలుగోది జోన్ల బేరం. ఈ దారి దక్షిణ మధ్య, మధ్య, పశ్చిమ, వాయవ్య, నాలుగు రైల్వేల మీదుగా వెళుతుంది. ఎవరి బండి, ఎవరి రేక్, ఎవరి డ్రైవర్లు అన్నది ఒక్కో మీటింగులో ఒక్కో కథ. అదృష్టం ఏమిటంటే అకోలా–ఖండ్వా ముక్క మన దక్షిణ మధ్య రైల్వే నాందేడ్ డివిజన్ కిందే ఉంది, అంటే మనవాళ్ళకి ఆ లైను మీద కొంత ఆసక్తి ఉంటుంది.

డబ్బు విషయం ఒక్క మాటలో తేలుస్తాను. పాసింజర్ బండి రైల్వేకు లాభం కాదు. మంత్రిగారే చెప్పిన లెక్క ప్రకారం వంద రూపాయల ఖర్చుకు టికెట్ మీద వసూలయ్యేది 54. కాబట్టి కొత్త బండి అడగడమంటే రైల్వేని ఇంకో నష్టం భరించమని అడగడమే. దీనికి రైల్వేవాళ్ళు కనిపెట్టిన ఉపాయం, కొత్తది వేయకుండా ఉన్నదాన్ని మళ్ళించడం. లైను పూర్తయిన రోజున జరిగేది కూడా అదే అని నా గట్టి నమ్మకం. ఇప్పుడున్న హైదరాబాద్–జైపూర్ బండిని ఖండ్వా–ఇందోర్ మీదుగా తిప్పమంటారు. రేకులున్నాయి, పిట్ లైన్ ఉంది, పాత్ సగం ఉంది. అప్పుడు గొడవ ఎక్కడ మొదలవుతుందంటే భోపాల్‌లో, ఇటార్సీలో. వాళ్ళకు హైదరాబాద్ బండి పోతుంది కదా, వాళ్ళ ఎంపీలు ఊరుకుంటారా? ఇందోర్ ఎంపీ కావాలంటాడు, భోపాల్ ఎంపీ వద్దంటాడు, చివరికి వారంలో ఒక రోజు ఇటు ఒక రోజు అటు అని తెగ్గొడతారు. ఇలాంటి పంచాయతీలు నేను చూసినవే.

ఇంతకుముందు ఇలా పోయి తిరిగొచ్చిన బండ్లు లేవా అంటే ఉన్నాయి, అవే నాకు ధైర్యం. మద్రాసు నుంచి సెంగోట్టై ఘాట్ మీదుగా కొల్లం వెళ్ళే మీటర్ గేజ్ బండి గేజ్ మార్పిడి వల్లే పోయింది. ఘాట్ ముక్కను 2010లో మూసి 2018లో తెరిచారు, 2019లో చెన్నై ఎగ్మూరు–కొల్లం ఎక్స్‌ప్రెస్ వేశారు, ఇప్పుడు నడుస్తోంది. హాసన్–మంగళూరు ఘాట్ 1996లో మూశారు, 2006లో గూడ్సులకు తెరిచారు, ఇంకో ఏడాదిన్నర ఆగి 2007 డిసెంబరులో గానీ మనుషులను ఎక్కించలేదు. హాసన్ లైన్లో వరస గమనించండి. ముందు గూడ్సు, తర్వాతే మనుషులు. అకోట్–ఖండ్వాలో కూడా ముందు గూడ్సు ఇంజన్ కూత వినబడుతుంది, అది విన్నాక రెండేళ్ళు లెక్కేసుకోండి.

ఒక పోటీదారు సంగతి మర్చిపోయాను. 2024 సెప్టెంబరులో ఇందోర్–మన్మాడ్ కొత్త లైను మంజూరైంది, 309 కిలోమీటర్లు, 18,036 కోట్లు, 2028–29 గడువు. మన్మాడ్ నుంచి మనకు ఔరంగాబాద్ (ఇప్పుడు ఛత్రపతి శంభాజీనగర్), నాందేడ్ మీదుగా లైను ఎప్పుడో ఉంది. అది ముందు అయిపోతే ఇందోర్‌కు దక్షిణం దారి దొరికినట్టే, అప్పుడు ఖండ్వా లైను మీద ఇందోర్‌వాళ్ళ ఒత్తిడి తగ్గుతుంది. అయితే కొత్త లైను గడువులు ఎలా ఉంటాయో చెప్పక్కర్లేదు, 2008 కథ పైనే చెప్పాను. నా లెక్కలో రెండూ ఒకేసారి నత్తనడకన వస్తాయి.

పేరు సంగతి కూడా అడిగారు. మీనాక్షి అనే పేరు మళ్ళీ పెడతారా? పేరు పెట్టడానికి పైసా ఖర్చు లేదు, కాబట్టి అదొక్కటి మాత్రం అర్జీతో సాధించొచ్చు. మా రోజుల్లోనే ఆ పేరు విని మదురై బండి అనుకుని ఎక్కబోయినవాళ్ళు ఉండేవారు.

మీ నాన్నగారిది ఇప్పుడు ఎంత వయసో రాయలేదు. ఆయన్ని లైను అయ్యేదాకా కూర్చోబెట్టకండి. ఇప్పుడున్న జైపూర్ బండిలో నిజామాబాద్‌లోనే ఎక్కించండి, అకోలా దాకా ఆయన చూసిన దారే, పూర్ణాలో పగలైతే నిద్ర లేపండి. ఉజ్జయినిలో దిగి ఇందోర్, మహూ వెళ్ళండి. పాతాళ్‌పానీ–కాలాకుండ్ మధ్య 2018 డిసెంబరు నుంచి హెరిటేజ్ బండి పెట్టారు, అదే పాత మీటర్ గేజ్ మీద, అదే ఘాట్, అవే సొరంగాలు. కొత్త లైను పక్కనుంచి పోతోంది కాబట్టే ఈ ముక్క బతికింది. వానాకాలంలో నడుపుతుంటారు, వెళ్ళేముందు తేదీలు చూసుకుని బుక్ చేసుకోండి, వారాంతాల్లో సీట్లు తొందరగా అయిపోతాయి. దిగేటప్పుడు జలపాతం వైపు కిటికీ పట్టుకోండి. కాలాకుండ్‌లో కలాకంద్ ఇంకా అమ్ముతున్నారేమో చూసి, దొరికితే ఎలా ఉందో ఇక్కడ రాయండి.